తలుపు వెనక కర్ర: అనుకుని పెట్టిందా, తనే వచ్చిందా?

అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి కొట్లో గుమస్తాగా పనిచేసే పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. తన కథ అచ్చయిన కాగితాలూ, దాని చేతిరాత ప్రతీ కూడా జత చేశారు. ఆయన చెప్పుకున్నదాన్ని కుదించి ముందుగా ఇస్తున్నాను.

వాళ్ళది గోదారి పాయ వశిష్ఠ ఒడ్డున లంక ఊరు. ఏటా వరదల ముందు వాళ్ళ నాన్నగారు పొలం చివర, ఒడ్డు అంచుకి కాస్త ఇవతల ఒక సరుగుడు కర్ర పాతేవారు. గోదారి ఎర్రబడి, పొంగి, మళ్ళీ తీసేశాక వెళ్ళి చూసేవారు. కర్ర ఉంటే దాని నుంచి అంచుదాకా అడుగులు వేసి కొలుచుకోవడం, లేకపోతే వచ్చే ఏడాది ఇంకాస్త వెనక్కి జరిగి మరో కర్ర పాతడం. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రేడియోలో విన్న రోజు ఆయనకి అన్నం సయించేది కాదట. ఆయన పోయాక కొడుకు దీన్నే కథగా రాశారు. కథ చివర్లో నాన్న చేతికర్ర తలుపు వెనక ఉంటుంది. ఒక వారపత్రిక వేసుకుంది.

తరవాత రాజమండ్రిలో జరిగిన ఒక సభలో ఒక విమర్శకుడు ఈ కథ గురించి చాలాసేపు మాట్లాడారు. ఒడ్డున పాతిన కర్ర నేలకీ నీటికీ మధ్య హద్దనీ, తలుపు వెనక కర్ర ఉన్నవాళ్ళకీ పోయినవాళ్ళకీ మధ్య హద్దనీ, రచయిత ఎంతో ముందుచూపుతో ఈ ప్రతీకని కథంతా నడిపించాడనీ అన్నారు. చప్పట్లు మోగాయి. మన గుమస్తా గారు లేచి దణ్ణం పెట్టారు. పక్క కుర్చీలో ఆయన "ముందే అనుకున్నారాండీ?" అనడిగితే "ఆయ్, అనుకునే రాశానండీ" అనేశారు.

ఇంటికెళ్ళి చెబితే ఆయన భార్య పడీపడీ నవ్వారట. "ఆ కర్ర తలుపెనకాల పెట్టింది నేను. గుమ్మంలో కాళ్ళకడ్డం పడుతోందని పెట్టాను. మీరేమో ప్రతీకంటున్నారు!"

ఇంతవరకే అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీ వాళ్ళు "నా కథలో ప్రతీకలు" అనే విషయం మీద పిల్లలకి చెప్పమని పిలిచారు. సరేనన్నారు గానీ, ఆ రోజు నుంచీ నిద్ర లేదు. సభ తరవాత ప్రతీకలు ముందే అనుకుని రెండు కథలు రాస్తే రెండూ తిరిగొచ్చాయి. ఒకదాని మీద సంపాదకుడు "ఏర్పాట్లు కనబడుతున్నాయి, కథ కనబడ్డం లేదు" అని రాసి పంపారు. వీటన్నిటికీ మించి, సొంత అన్నగారు మాటలు మానేశారు. కథలో పెద్దకొడుకు తండ్రి పోయిన ఏడాది తిరక్కుండానే తన వాటా రొయ్యల చెరువుకి లీజుకిస్తాడు. ఇంట్లో జరిగిందీ అదే. సంక్రాంతికి రమ్మని ఫోన్ చేస్తే అన్నగారు ఒకటే మాట అన్నారట: "నాన్న కర్ర గురించి రాశావు గదరా. దాంతో కొట్టింది నన్నే."

"నేను మోసగాణ్ణా? రచయితలు ఇవన్నీ ముందే అనుకుని రాస్తారా, చదివేవాళ్ళే పుట్టిస్తారా? కాలేజీకి వెళ్ళనా, మాననా? మా అన్నయ్యకి ఏం చెప్పను?" అని అడుగుతున్నారు.

గుమస్తా గారూ,

మీరు వేరువేరు చిక్కులన్నిటినీ తీసుకెళ్ళి "మోసం" అనే ఒక్క మేకుకి తగిలించారు. నాకు ఉత్తరం చదివినంతసేపూ మోసం కన్నా మీ అన్నగారి మాటే చెవిలో ఉంది. అయినా మీరు అడిగిన వరసలోనే వెళ్దాం. మొదటిది తేలితే అన్నగారి సంగతి కూడా తేలుతుంది.

మీకొచ్చిన అనుమానమే 1963లో అమెరికాలో, శాన్‌డియాగోలో, బ్రూస్ మెక్‌అలిస్టర్ అనే 16 ఏళ్ళ కుర్రాడికి వచ్చింది. ప్రతీకల గురించి ఇంగ్లీషు టీచరుతో పేచీ. టీచరుతో వాదించి లాభం లేదని, ఏకంగా 150 మంది రచయితలకి ఒక ప్రశ్నావళి పంపించాడు. మీరు కావాలని, ముందే అనుకుని ప్రతీకలు పెడతారా? మీరు అనుకోనివి కూడా పాఠకులు పట్టుకుంటారా? ఇలాంటి ప్రశ్నలు. సగం మంది దాకా జవాబిచ్చారు, అందులో మహా మహా పేర్లున్నాయి. కావాలని పెడతారా అన్నదానికి జాక్ కెరువాక్ "లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఐజాక్ అసిమోవ్ జవాబు మీరు కాగితం మీద రాసి కొట్లో గల్లాపెట్టె మీద అంటించుకోవచ్చు. తెలిసి పెట్టడమా, రామ రామ, లేనే లేదు. తెలియకుండా రావడమంటారా, దాన్ని ఎవరు మాత్రం ఆపగలరు, అన్న ధోరణిలో రాశాడాయన. అన్నిటికన్నా మీకు పనికొచ్చే జవాబు రాల్ఫ్ ఎలిసన్‌ది. ప్రతీక కథ నడకలోంచి పుడుతుంది, పుట్టాక రచయిత దాన్ని గమనించి కావాలని వాడుకోవచ్చు, బయట నుంచి తెచ్చి అతికిస్తే మాత్రం పాఠకుడికి అతుకు తెలిసిపోయి వెలితిగా ఉంటుంది అన్నాడు. మీ అచ్చయిన కథకీ, తిరిగొచ్చిన రెండు కథలకీ తేడా ఇందులోనే ఉంది.

ఇది అమెరికా వాళ్ళు కనిపెట్టిన రహస్యం కూడా కాదు. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఇదే చెప్పాడు. ధ్వని, అంటే పైకి చెప్పకుండా సూచించే అర్థం, ముఖ్యమైన కావ్యంలో అలంకారమంటే వేరే ప్రయత్నం అక్కర్లేకుండా, రసంలో మునిగి రాస్తుంటే దాంతో పాటే వచ్చేది అన్నాడు. "అపృథగ్యత్ననిర్వర్త్యః" అని ఆయన మాట. మనకి బళ్ళో అలంకారాలు నేర్పేటప్పుడు ఉపమకి లక్షణం, ఉత్ప్రేక్షకి లక్షణం, ఉదాహరణలు, రెండు మార్కులు. ఈ ఒక్క మాట మాత్రం ఎవరూ చెప్పరు. చెబితే మార్కులెలా వెయ్యాలో తెలియదు కాబోలు.

అయితే రచయిత చేసేదేమీ లేదా, అంతా దానంతటదే వచ్చేస్తుందా? అక్కడే మీరు పొరబడుతున్నారు. మీ చేతిరాత ప్రతి నా ముందుంది. చివరి పేరా ఇలా ఉంది:

"నాన్న గొడుగు చిలక్కొయ్యకి ఉంది. చెప్పులు అరుగు కింద ఉన్నాయి. కర్ర తలుపు వెనక ఉంది. అమ్మ దీపం పెట్టింది."

గొడుగు వాక్యం, చెప్పుల వాక్యం ఎర్ర ఇంకుతో కొట్టేసి ఉన్నాయి. దీపం వాక్యానికి చుట్టూ గీత గీసి, బాణం వేసి, నాలుగు లైన్లు పైకి పంపించేశారు. అచ్చులో కథ "కర్ర తలుపు వెనక ఉంది" దగ్గర ఆగిపోయింది. ఉత్తరంలో మీరేమో "నిడివి తగ్గించమన్నారని కొట్టేశానండీ, అంతే" అని తేలిగ్గా రాశారు. నిడివి తగ్గాలంటే కర్రనే కొట్టెయ్యొచ్చుగా? గొడుగు ఉంచి ఉండొచ్చు. వర్షం, వరద, గొడుగు, చూడ్డానికి బాగానే ఉంటుంది. దీపంతో ముగించి ఉండొచ్చు, నూటికి తొంభై కథలు అలాగే ముగుస్తాయి. మీ చెయ్యి ఆ మూడింటి మీదుగా వెళ్ళి కర్ర దగ్గర ఆగింది. ఎందుకాగిందో అప్పుడు మీకు మాటల్లో తెలియకపోవచ్చు. ఆగిందన్నది మాత్రం ఎర్ర ఇంకులో ఉంది.

రోజంతా మీరు చేసే పనే చూడండి. కురిడీ (ఎండిన) కాయల్లో ఏది గండేరా రకం, ఏది గటగట రకం అని మీ కళ్ళముందే వేరవుతాయి. కాయ కాసింది మీరు కాదు, దింపు తీసిందీ మీరు కాదు. ఏది ఏ రాశిలో పడాలో పద్దు రాసేది మాత్రం మీరు, ఆ పద్దులో తప్పొస్తే అడిగేదీ మిమ్మల్నే. కథలో కర్ర మీ ఇంట్లోంచి వచ్చింది, మీ ఆవిడ చేత్తో తలుపు వెనక్కి వెళ్ళింది. దాన్ని చివరి వాక్యం చేసింది మీరు.

కాబట్టి సభలో మీరన్న మాటలో అబద్ధం ఉన్నా అది చిన్నది. "ముందే" అనుకోలేదు, తరవాత ఎంచుకున్నారు. శాలువా భుజం మీద ఉండగా ఇంత వివరం చెప్పగలిగేవాళ్ళు ఎవరూ ఉండరు, దానికి నిద్ర పాడుచేసుకోకండి.

మరి ఆ విమర్శకుడు చెప్పిందంతా ఆయన కల్పనా? కాదు. మీరు సభకి వెళ్ళిన ఊళ్ళోనే, 11వ శతాబ్దంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెడుతూ ఒక పద్యంలో తన పాఠకుల్ని ముందే లెక్కవేసుకున్నాడు. కవీంద్రులు లోతుకెళ్ళి కథలోని అర్థయుక్తిని చూసి మెచ్చుకుంటారు, ఇతరులు అక్షరరమ్యతని ఆదరిస్తారు అన్నాడు. ఒకే కావ్యం, ఎవరి సరుకు వాళ్ళు పట్టుకెళ్తారు. పట్టుకెళ్ళేది అసలు కావ్యంలో ఉందా లేదా అన్నదొకటే చూడాలి. అది తేల్చుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. విమర్శకుడు చూపించిన వస్తువుని కథలోంచి తీసేసి మళ్ళీ చదువుతాను. మీ కథలో ఒడ్డున కర్ర తీసేస్తే ఇక కథే లేదు. తలుపు వెనక కర్ర తీసేస్తే ముగింపు కూలిపోతుంది. కనుక ఆయన చూసింది కథలో ఉన్నదే. రేపు కాలేజీలో ఎవరో పిల్లాడు లేచి, సరుగుడు చెట్టు సముద్రపుటొడ్డున పెరుగుతుంది కాబట్టి ఆ కర్ర మోక్షానికి గుర్తా సార్ అంటే, సరుగుడు బదులు వెదురు అని పెట్టి చదవమనండి. ఏమీ మారదు. ఆ అర్థం పిల్లాడు తెచ్చుకున్నది. అలాగని వాణ్ణి చిన్నబుచ్చకండి.

మీ ఆవిడకి కూడా ఒక ప్రశ్న వెయ్యండి. గుమ్మంలో అడ్డం పడుతోందని తీశారు, బాగుంది. అటక మీద ఎందుకు పడెయ్యలేదు? ఎవరికైనా ఎందుకిచ్చెయ్యలేదు? ఆవిడేమంటారో నాకూ వినాలనుంది.

ఇక తిరిగొచ్చిన కథలు. ఒకదాని గురించి మీరు ఏమీ చెప్పలేదు కాబట్టి నేనూ ఏమీ చెప్పను. రెండోది మీరు చెప్పినదాన్ని బట్టి ఇదీ: రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన కోటిపల్లి రేవులో పంటి (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరం వైపు వస్తుంటాడు. నడిగోదాట్లో ఇంజను ఆగిపోతుంది. ఆయన ఆకాశం వైపు చూస్తాడు. ఒక తెల్ల కొంగ ఒంటరిగా ఎగిరిపోతుంది. పంటి సంసారం, అవతలి ఒడ్డు మోక్షం, కొంగ ఆత్మ అని మీరే కింద వివరం కూడా రాశారు. ఈ వివరం సంపాదకుడికి పంపలేదు కదా?

చూడండి, పంటిని సంసార సాగరం అనడం గోదారి చూడనివాళ్ళకి నప్పుతుంది. రోజూ ఆ రేవు దాటేవాళ్ళకి పంటంటే ముక్తేశ్వరం వెళ్ళే దారి, టిక్కెట్టు, అందులోకి ఎక్కించిన మోటారు సైకిళ్ళ మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కోవడం. మీకివన్నీ తెలుసు, కథలో ఒక్కటీ లేదు. ఆశ్చర్యమేమిటంటే ఆ కథలో అసలైన సరుకు ఇంకోటుంది, దాన్ని మీరు దాటేశారు. ముసలాయన దేనికి బయల్దేరాడు? ఏటా పింఛను కోసం తాను బతికే ఉన్నానని బ్యాంకులో ఇవ్వాల్సిన కాగితం ఆయన చేతిసంచీలో ఉంది. దాన్ని ఒక వాక్యంలో చెప్పి వదిలేసి, కొంగ మీద ఒక పేరా రాశారు. జీవితమంతా ఊరందరి కాగితాలూ ఇంటింటికీ మోసిన మనిషి, తన బతుకు కాగితం తనే మోసుకుని, నడిగోదాట్లో ఆగిపోయిన పంటి మీద, బ్యాంకు మూసే వేళ దాటిపోతుంటే కూర్చున్నాడు. ఇంత చేతిలో పెట్టుకుని కొంగెందుకండీ?

మన జిల్లాల్లో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన" మీరు చదివే ఉంటారు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ. అందులో గాలివాన ఆ పెద్దమనిషి నియమాలన్నిటినీ పెరికేసే శక్తికి ప్రతీక అని ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది, నిజమే. కానీ అది ముందు గాలివానగా తన పని తాను చేస్తుంది. చీకటి చేస్తుంది, చలి పుట్టిస్తుంది, బిచ్చం వెయ్యకూడదని సూత్రం పెట్టుకున్నాయన్ని బిచ్చగత్తె పక్కనే తల దాచుకునేలా చేస్తుంది. తుపాను తెలిసిన నేల మీద పుట్టిన మనిషి రాసిన తుపాను అది. ప్రతీక అన్న మాట తెలియనివాడు చదివినా ఆ కథలో తడుస్తాడు. మీ కొంగ మీద ఎవరూ తడవరు.

పాఠకులు "టెక్నిక్" అని గుర్తుపట్టనివే చాలాసార్లు పెద్ద నిర్ణయాలు. గురజాడ 1910లో రాసిన "దిద్దుబాటు" తీసుకోండి. "తలుపు! తలుపు!" అని మొదలవుతుంది. ఊరి వర్ణన లేదు, నాయకుడి వంశం లేదు, చంద్రోదయం లేదు. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన మొగుడితో పాటు పాఠకుణ్ణి కూడా మూసిన తలుపు ముందు నిలబెట్టేశాడు. అందులో ఉపమ ఏదీ అని వెతకడం దండగ. ఎక్కడ మొదలుపెట్టాలో ఎంచుకోవడమే ఆయన చేసిన పని. మీ పంటి కథని కూడా ఇంజను ఆగిపోయిన చోట, సంచీలో కాగితం తడిసిందేమోనని ముసలాయన తడుముకుంటున్న దగ్గర మొదలుపెట్టి చూడండి. మొదటిసారి రాసేటప్పుడు ప్రతీక గురించి అసలు ఆలోచించకండి. కొన్నాళ్ళు పక్కన పడేసి, ఎర్ర ఇంకు కలంతో చదవండి. మీరు పిలవకుండానే రెండుసార్లు వచ్చిన వస్తువేదో కనబడుతుంది. దాన్ని ఉంచడమా, జరపడమా, కొట్టెయ్యడమా అప్పుడు తేల్చుకోవచ్చు. దీనికి కూడా ఆనందవర్ధనుడు లెక్క చెప్పాడు. అలంకారాన్ని సమయానికి పట్టుకోవాలి, సమయానికి వదిలెయ్యాలి, చివరిదాకా ఈడ్చుకెళ్ళాలని ఉబలాటపడకూడదన్నాడు. ఇలా చేస్తే కథలు నెమ్మదిగా వస్తాయి, కొన్ని అసలు రావు. ఏడాదికి ఇన్ని కథలు పడాలి అని మీకుంటే ఈ పద్ధతి మీకు పడదు. అప్పుడు ఏర్పాట్ల కథలే రాసుకోవచ్చు, వాటిని వేసుకునే పత్రికలూ ఉంటాయి. రెండూ ఒకేసారి మాత్రం కుదరవు.

ఇప్పుడు మీ అన్నగారు.

కర్ర విషయంలో ఇందాక ఏమనుకున్నాం? ముందే అనుకోకపోయినా, ఎంచి ఉంచింది మీరు కాబట్టి ఆ మెప్పు మీదేనని. ఆ లెక్క ఇక్కడ కూడా నడవాలి కదా. "అన్నయ్యని నొప్పించాలని అనుకోలేదండీ, కథలో అలా వచ్చేసింది" అని మీరు రాశారు. మెప్పు వచ్చినచోట నాది, నొప్పి కలిగినచోట దానంతటదే వచ్చింది అంటే కుదరదు.

కథలో పెద్దకొడుకు వచ్చే చోట్లన్నీ పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివాను. మోటారు సైకిల్ మీద వస్తాడు. కాగితాల మీద సంతకం పెడతాడు. తల్లి కాఫీ తెస్తే తాగకుండా వెళ్ళిపోతాడు. కథ మొత్తంలో నోరు తెరిచి ఒక్క మాట అనడు. కథ చెప్పేది "నేను" అనే తమ్ముడు కాబట్టి, తమ్ముడి కంటికి కనబడనిది పాఠకుడికీ కనబడదు. కథ ఎవరి నోట చెప్పించాలన్నదే రచయిత చేతిలో ఉన్న అన్నిటికన్నా పదునైన సాధనం. ఎవరు చెబుతున్నారన్నది తేలగానే ఎవరు దోషో సగం తేలిపోతుంది. మిగతా సగం ఎవరు మాట్లాడరో దాన్ని బట్టి తేలుతుంది. ఇదే గోదావరి జిల్లాల మనిషి శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి కథల్లో చూడండి, సంభాషణే కథని మోసుకుపోతుంది. మనుషులు మాట్లాడుతూ ఉంటే వాళ్ళ మీద మనం తీర్పు చెప్పడానికి నోరు పెగలదు. మీ కథలో అన్నగారికి ఆ అవకాశం రాలేదు.

పైగా మీ ఉత్తరం చివరి పేజీలో, ఆఖర్న ఇరికించి ఒక వాక్యం రాశారు: నాన్నగారి వైద్యానికి అప్పు తెచ్చింది అన్నయ్యేనని, ఆ అప్పు తీర్చడానికే చెరువుకిచ్చాడని. ఇది కథలో లేదు. చేతిరాత ప్రతిలో కూడా లేదు, కొట్టేసిన చోట కూడా లేదు. అంటే మొదటి నుంచీ మీ కలం దాని దగ్గరికి వెళ్ళలేదు. చెప్పకుండా వదిలెయ్యడం కూడా రచనలో పనిముట్టే. ఎవరికి తగిలిందో వాళ్ళకే దాని పదును తెలుస్తుంది. ఊళ్ళో వాళ్ళకి లీజు సంగతి తెలుసు. అప్పు సంగతి ఎంతమందికి తెలుసు?

మీరు చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి, దేనికి ఉండే చిక్కు దానికుంది.

కథ కథే, అందులో అన్న మా అన్న కాదు అని గట్టిగా నిలబడొచ్చు. సాహిత్యపరంగా ఆ మాటకి విలువుంది, రచయితకి ఆ హక్కూ ఉంది. మీ ఊళ్ళో ఆ మాట చెల్లదు. సరుగుడు కర్ర పాతే రైతు ఒక్కడే ఉన్న లంకలో పేర్లు మార్చినంత మాత్రాన ఎవరూ మోసపోరు. ఈ దారిలో వెళ్తే కథ నిలబడుతుంది, అన్నగారు మరికొన్ని సంక్రాంతులు రారు.

కథల పుస్తకం వేసే ఆలోచన ఉందన్నారు. అందులో ఈ కథ వదిలెయ్యొచ్చు. అన్నగారికి ఊరట. కాని వారపత్రికలో వచ్చింది వచ్చినట్టే ఉంటుంది, మీ పుస్తకంలో అన్నిటికన్నా మంచి కథ ఉండదు. ఆ కోపం మీలో ఎటు తిరుగుతుందో మీకే తెలియాలి.

లేదా కథని తిరగరాయొచ్చు. అచ్చయ్యాక ముట్టుకోకూడదని శాసనమేమీ లేదు. గురజాడ 1897లో అచ్చేసిన కన్యాశుల్కాన్ని 1909 నాటికి దాదాపు కొత్త నాటకం అన్నంతగా పెంచి మళ్ళీ వేశారు. మనం తలుచుకునే మధురవాణి ఎక్కువగా ఆ రెండో కూర్పులో మనిషే. మీ కథలో అప్పు కాగితం ఒకటి వస్తే ఏమవుతుందో ఆలోచించండి. కాపాడుకోవాలని తండ్రి కర్ర పాతిన నేల, ఆ తండ్రి మందులకే పోయింది. నా మట్టుకు నాకు కథ ఇప్పుడున్నదానికంటే బరువెక్కుతుందనిపిస్తోంది. అయితే సంజాయిషీ రాసినట్టు అయిపోయే ప్రమాదం కూడా ఉంది. అన్న మంచివాడని పాఠకుడికి నచ్చజెప్పడానికి ఒక పేరా చేర్చారంటే రెండూ చెడతాయి. కాఫీ గ్లాసు పక్కన ఒక రసీదు కనబడితే చాలేమో. ఇంకొకటుంది: తన అప్పు సంగతి నలుగురికీ తెలియడం అన్నగారికి ఇష్టమో కాదో. లీజు గురించి అడక్కుండా రాశారు, అప్పు గురించి కూడా అడక్కుండా రాస్తే ఈసారి ఏమంటారో ఊహించుకోండి.

అన్నగారి వైపు నుంచి వేరే కొత్త కథ రాద్దామా అని అడిగారు. రాయొచ్చు గాని ఇప్పుడే వద్దు. బాకీ తీర్చడానికి రాసే కథలో బాకీయే కనబడుతుంది.

వీటిలో ఏది ఎంచుకున్నా ముందు ఒకసారి వెళ్ళి రండి. ఫోన్ వద్దు. కథ గురించి వాదన పెట్టుకోకండి, ప్రతీక అన్న మాట ఎత్తకండి. "అప్పు సంగతి రాయలేదన్నయ్యా, రాయాలని నాకు తోచనే లేదు" అన్న ఒక్క నిజం చెప్పి ఊరుకోండి. ఆయన తిట్టొచ్చు. లేచి లోపలికి వెళ్ళిపోవచ్చు. ఆ వెంటనే పుస్తకం సంగతి అడగాల్సిన అవసరం లేదు, పుస్తకం ఏమీ రేపే రావడం లేదు కదా.

కాలేజీ సంగతి తేలికే. మానెయ్యడం ఒక పద్ధతి. ఒంట్లో బాగాలేదంటే నమ్ముతారు. అక్కడితో పీడ వదిలినట్టు అనిపిస్తుంది గాని, తరవాత ఇంకో పిలుపు వస్తుంది, మళ్ళీ ఇదే నిద్రలేమి. వెళ్ళి, విమర్శకుడు చెప్పిందే మీ మాటగా చెప్పడం ఇంకో పద్ధతి. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో "రచయిత ఉద్దేశపూర్వకంగా" అని మొదలుపెట్టి ఒక పేజీ నింపుతారు. మీ ఆవిడ ముందు వరసలో కూర్చుంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించుకోండి. సొంత కథ ఎత్తకుండా "దిద్దుబాటు", "గాలివాన" లాంటి వాటి మీద మాట్లాడ్డం మూడోది. గౌరవంగా ఉంటుంది, మీకు శ్రమ, చెప్పడానికి సరుకు బోలెడుంది. కాకపోతే అది వాళ్ళ లెక్చరర్లు కూడా చెప్పగలరు.

మీరొక్కరే చెప్పగలిగింది ఎర్ర ఇంకు కాగితం. ఆ చివరి పేరాని జెరాక్స్ తీయించి పిల్లలకి పంచండి. నాలుగు వాక్యాల్లో ఏవి కొట్టేస్తారో వాళ్ళనే కొట్టెయ్యమనండి. కొంతమంది గొడుగు ఉంచుతారు, చాలామంది దీపం ఉంచుతారు. ఎందుకుంచారో అడగండి. గంట ఎలా గడిచిందో తెలియదు. చివర్లో కర్ర తలుపు వెనక్కి ఎలా వెళ్ళిందో కూడా చెప్పండి, నవ్వుతారు. ఆ విమర్శకుడి పేరు మాత్రం ఎత్తొద్దు. ఆయన మీ కథని శ్రద్ధగా చదివిన మనిషి, నలుగురిలో ఆయన్ని తేలిక చెయ్యడం మర్యాద కాదు. వీలైతే సభకి ముందే ఆయనకి ఫోన్ చేసి జరిగింది చెప్పండి. ఆయనకది నచ్చుతుందో లేదో నేను చెప్పలేను.

"నా కథలో ప్రతీకలు" అన్న శీర్షిక ఈ పనికి పనికిరాదు. "నేను కొట్టేసిన వాక్యాలు" అనో ఇంకేదో అనో మార్చమని కాలేజీ వాళ్ళకి ఈ వారంలోనే చెప్పండి. కరపత్రాలు అచ్చుకి వెళ్ళాయంటే ఇక మార్చరు.